అత్తయ్య మోకాళ్లకు సింగపూర్ మెట్రో, బస్సులు ఎంతవరకు నచ్చాయంటే

సింగపూర్‌కి మొదటిసారి వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: మీతో వచ్చేవాళ్లలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే హోటల్ కన్నా, టికెట్ల కన్నా ముందు ఆ ఊళ్లో ఎలా తిరుగుతారో తేల్చుకోవాలి. మేం వెళ్లింది మా అత్తయ్యగారితో, రెండో తరగతి చదివే మా బాబుతో. అత్తయ్యకు డెబ్బై దాటాయి. మెట్లు ఎక్కడం కష్టం, చదునైన నేల మీద మాత్రం పావుగంట నడవగలరు. ఇలాంటి కుటుంబానికి అక్కడి మెట్రో, సిటీ బస్సులు పనికొస్తాయా అన్నదే ఈ రివ్యూ. నా జవాబు: బాగా పనికొస్తాయి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

మా ఆడపడుచు వాళ్లు అంతకుముందు ఓ ట్రావెల్ ఏజెంటు దగ్గర ప్యాకేజీ తీసుకుని వెళ్లొచ్చారు. పొద్దున్నే వ్యాను రావడం, సింహం తల, చేప తోక ఉన్న మెర్లయన్ విగ్రహం దగ్గర కాసేపు దింపడం, ఫొటోలు తీసుకోగానే "ఎక్కండి ఎక్కండి" అనడం, మధ్యలో వాళ్లకు తెలిసిన షాపు దగ్గర గంటసేపు ఆపడం. ఊరు చూశాం గానీ ఊళ్లో తిరిగినట్టు లేదు వదినా అంది. పెద్దవాళ్లకు వ్యానే సుఖం అని మనం అనుకుంటాం. నిజానికి వాళ్లకు కావలసింది వాళ్ల వేగానికి తగ్గ ప్రయాణం. అలసిపోతే కూర్చోవాలి, బాత్రూం కావాలంటే దొరకాలి, ఎండెక్కితే గదికి వెళ్లిపోవాలి. ఇవన్నీ గుంపుతో కదిలే వ్యానులో కుదరవు. రెండు మూడు నిమిషాలకో రైలు వచ్చే ఊళ్లో చక్కగా కుదురుతాయి.

బయల్దేరే ముందు సంగతి రెండు ముక్కల్లో. భారతీయులకు వీసా కావాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా పెట్టుకోవచ్చు. దానితో పాటు ఎస్‌జీ అరైవల్ కార్డు అని ఒక ఆన్‌లైన్ ఫారం ఉంటుంది. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది సర్కారువారిది కాదని గుర్తుపట్టి బయటికి వచ్చేయండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి విమానంలో సరిగ్గా నిద్రపోని పెద్దవాళ్లను మొదటిరోజు ఎక్కువ తిప్పకండి.

ఇక చాంగి ఎయిర్‌పోర్టు. మెట్రోని అక్కడ ఎంఆర్‌టీ అంటారు. ఎయిర్‌పోర్టు స్టేషన్ టెర్మినల్ 2, టెర్మినల్ 3 మధ్యలో భూగర్భంలో ఉంటుంది. ఒకటో టెర్మినల్‌లో దిగితే టెర్మినళ్ల మధ్య తిరిగే స్కైట్రైన్‌లో వచ్చేయొచ్చు, నాలుగో టెర్మినల్‌కి ఉచిత షటిల్ బస్సు ఉంది. ఆకుపచ్చ లైనులో తానా మేరా దాకా వచ్చి అక్కడ ఊళ్లోకి వెళ్లే రైలు మారాలని అందరూ చెప్తారు. నిజమే. కానీ మీ హోటల్ లిటిల్ ఇండియా వైపు ఉంటే ఇంకో దారి ఉంది. ఎయిర్‌పోర్టు తర్వాతి స్టేషనే ఎక్స్‌పో. అక్కడ నీలం రంగు డౌన్‌టౌన్ లైను మొదలవుతుంది. మొదటి స్టేషన్ కాబట్టి పెట్టెలు పెట్టుకుని, కూర్చుని వెళ్లొచ్చు. ఇందులో ఓ చిన్న తిరకాసు ఉంది. ఈ లైను ఊరి మధ్యలో పెద్ద చుట్టు తిరుగుతుంది. జాలన్ బెసార్ స్టేషన్ దాటాక చైనాటౌన్, బేఫ్రంట్, బుగిస్ అన్నీ చుట్టి వచ్చి అప్పుడు లిటిల్ ఇండియా స్టేషన్ వస్తుంది. హోటల్ జాలన్ బెసార్ రోడ్డుకీ సెరంగూన్ రోడ్డుకీ మధ్యలో ఎక్కడున్నా జాలన్ బెసార్‌లోనే దిగిపోండి. బోలెడు సమయం ఆదా అవుతుంది. మేం అలాగే దిగాం. అత్తయ్య చక్రాల పెట్టె మీద చెయ్యి వేసుకుని నడుస్తూనే హోటల్‌కి వచ్చేశారు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి మనిషికి అయ్యేది రెండు సింగపూర్ డాలర్ల చుట్టుపక్కల. టాక్సీకి అయితే ఇరవై దాటుతుంది, రాత్రయితే ఇంకా పైకి పోతుంది. అయితే ఒక మాట. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆఫీసు రద్దీలో నాలుగు పెట్టెలు, పెద్దావిడ, పిల్లాడు అంటే రైలు మంచి ఆలోచన కాదు. ఆ వేళకు దిగితే ఎయిర్‌పోర్టులోనే టిఫిను చేసి, తొమ్మిదిన్నర దాటాక బయల్దేరండి. రాత్రి పదకొండు దాటాక దిగేవాళ్లు రైలు మీద ఆశ పెట్టుకోకండి, టాక్సీయే.

డబ్బు కట్టే పద్ధతి చాలా సులువు. ఒక్కో ప్రయాణానికి కాగితం టికెట్టు ఇచ్చే రోజులు 2022తో పోయాయి. ట్యాప్ చేసే సౌకర్యం ఉన్న వీసా, మాస్టర్‌కార్డులు గేటు మీద ఆనిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. మన బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం, ట్యాప్ వాడకం రెండూ ఆన్ చేసి ఉండాలి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇంటిల్లిపాదీ లోపలికి పోలేరు. విదేశీ బ్యాంకు కార్డు అయితే వాడిన ప్రతి రోజుకీ ఒక్కో కార్డుకి 60 సెంట్లు అదనంగా పడతాయి. దాని మీద మన బ్యాంకు వేసే మార్పిడి రుసుము వేరే. అందుకే నలుగురైదుగురు ఉన్న కుటుంబం వారం పైన ఉండేటట్టయితే ఈజీ-లింక్ కార్డులు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డులు) కొనుక్కోవడమే నయం. 10 డాలర్లకు కార్డు ఇస్తారు, అందులో 5 డాలర్లు ప్రయాణానికి, మిగతా 5 కార్డు ఖరీదు, అది తిరిగి రాదు. రెండు మూడు రోజులకే వెళ్లేవాళ్లకు బ్యాంకు కార్డే చాలు.

మా ఇంట్లో అత్తయ్యకు, బాబుకు ఈజీ-లింక్ కార్డులు కొన్నాం, మేమిద్దరం బ్యాంకు కార్డులు వాడాం. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఈజీ-లింక్‌లో కొన్ని రకాల కార్డులకు గేటు మీద ఎంత కోసుకుందో, ఎంత మిగిలిందో కనిపిస్తుంది. బ్యాంకు కార్డుకి అలా చూపించదు. ఇంకో ముఖ్యమైన విషయం: లోపలికి ఏ కార్డు ఆనించారో బయటికీ అదే ఆనించాలి. లోపలికి ఫోను, బయటికి కార్డు అంటే, రెండూ ఒకే ఖాతావే అయినా, యంత్రానికి అవి రెండు వేర్వేరు ప్రయాణాలు. డబ్బు ఎక్కువ కోస్తుంది. పిల్లల విషయానికొస్తే, 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. సీనియర్ సిటిజన్ల రాయితీ అక్కడి నివాసులకే, మన పెద్దవాళ్లకు వర్తించదు.

ఛార్జీ మొత్తం దూరాన్ని బట్టే ఉంటుంది. రైలు దిగి బస్సెక్కినా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టరు. దిగిన 45 నిమిషాల లోపు తర్వాతిది ఎక్కితే, మొత్తం రెండు గంటల్లో అయితే, ఐదు మార్పుల దాకా అది ఒకే ప్రయాణం కింద లెక్క. పెద్దవాళ్లతో తిరిగేవాళ్లకు ఇది వరం. పది నిమిషాల నడక తప్పించుకోవడానికి రెండు స్టాపుల కోసం బస్సెక్కినా పడేది కొన్ని సెంట్లే. మేం ఆ ఊళ్లో నడక తగ్గించుకున్నది ఈ సదుపాయంతోనే.

లిఫ్టుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మెట్లు ఎక్కలేనివాళ్లకు ఊరు ఎలాంటిదో తేలేది అక్కడే. ప్రతి ఎంఆర్‌టీ స్టేషన్‌లోనూ ప్లాట్‌ఫాం నుంచి గేట్ల దాకా ఒక లిఫ్టు, గేట్ల నుంచి రోడ్డు దాకా ఇంకో లిఫ్టు ఉంటాయి. కానీ స్టేషన్‌కి బయటికి పోయే దారులు చాలా ఉంటాయి, పైదాకా వెళ్లే లిఫ్టు వాటన్నిటికీ ఉండదు. మ్యాపు మనకు చూపించేది దగ్గరి దారి, ఆ దారిలో మెట్లుండొచ్చు. అందుకని గేటు దాటగానే దారి నంబరు వెతక్కుండా ముందు పైన వేలాడే బోర్డులో వీల్‌చైర్ బొమ్మ ఎటు చూపిస్తోందో చూడండి. అటు వెళ్లి లిఫ్టులో పైకి వచ్చాక, రోడ్డు అవతలి వైపు తేలినా ఫరవాలేదు. సిగ్నల్ దగ్గర దాటొచ్చు, అంచులన్నీ వాలుగానే ఉంటాయి. అత్తయ్య రెండో రోజుకే ఈ బొమ్మను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. నేను ఫోనులో మ్యాపు చూసుకునేలోపే "అదిగోనమ్మా కుర్చీ బొమ్మ" అని ముందు నడిచేవారు.

స్టేషన్లలో టాయిలెట్లు ఉంటాయి, శుభ్రంగా ఉంటాయి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లను తీసుకెళ్లేవారికి ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం దిగులు తీరుతుంది. దీని విలువ మా అత్తయ్యను అడిగితే తెలుస్తుంది. ఆవిడ ఊరెళ్లాలంటే పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడం మానేసే మనిషి. ఇక్కడ ఆ భయం లేకుండా హాయిగా తాగుతూ తిరిగారు. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, ఖాళీ సీసా ఒకటి దగ్గరుంచుకుంటే చాలు.

అయితే గేటు లోపల, రైల్లో తాగకూడదు. తినడం, తాగడం రెండూ నిషేధం, మంచినీళ్లతో సహా. జరిమానా 500 డాలర్ల దాకా. పొగ తాగితే 1000. ఘాటైన వాసన వచ్చే డురియన్ పండు పట్టుకుని ఎక్కడం కూడా నిషేధమని బొమ్మతో సహా రాసి ఉంటుంది. సంచిలో జంతికలు, పులిహోర ఉంటే ఇబ్బంది లేదు, తీసి నోట్లో పెట్టుకోవడమే తప్పు. మాత్ర వేసుకోవాల్సిన వేళ దగ్గర పడితే గేటు దాటకముందే వేసేయండి. రైల్లో ఏసీ బాగా చల్లగా ఉంటుంది. పెద్దవాళ్ల దగ్గర ఒక శాలువా ఉండాలి.

రైల్లో తలుపు పక్కన రిజర్వుడు సీట్లు వేరే రంగులో ఉంటాయి. అత్తయ్య ఎక్కగానే అక్కడ కూర్చున్న కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తి, ఆవిణ్ని చూసి లేచి, ఏమీ మాట్లాడకుండా పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఇది ఒకసారి కాదు, దాదాపు ప్రతిసారీ జరిగింది. సాయంత్రం ఆరింటి రద్దీలో మాత్రం ఆ సీటు దాకా చేరడమే కష్టం. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా పెద్దవాళ్లతో రైలెక్కకుండా ఉంటే మేలు. ఆ సమయానికి ఎక్కడో ఒకచోట కూర్చుని ఏదైనా తినేలా చూసుకోండి.

పిల్లలకు ఒక ఆనందం ఉంది. ఊదా, నారింజ, నీలం, గోధుమ రంగు లైన్లలో రైళ్లకు డ్రైవరు ఉండడు. ఊదా రంగు నార్త్ ఈస్ట్ లైను 2003 నుంచీ అలాగే నడుస్తోంది. ముందు పెట్టెలో చివరి అద్దం దగ్గర నిలబడితే సొరంగం ఎదురుగా కనిపిస్తుంది. పట్టాలు మలుపు తిరగడం, దూరంగా స్టేషన్ వెలుగు చిన్న చుక్కలా మొదలై పెరగడం, అద్దం మీదకు దూసుకొచ్చినట్టు ప్లాట్‌ఫాం రావడం, అన్నీ చూడొచ్చు. మా వాడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏ పెట్టె ముందుదో చూసి గానీ ఎక్కనివ్వలేదు. యూనివర్సల్ స్టూడియోస్ టికెట్టు ఎంతో మీకు తెలుసు. ఇది ఛార్జీలోనే వచ్చేస్తుంది.

ఇక ఆ అర మార్కు తగ్గించిన చోటు, లైను మారడం. మ్యాపులో ఒకే చుక్కలా కనిపించే స్టేషన్ లోపల నడక చాలా ఉండొచ్చు. ధోబీ ఘాట్‌లో ఎరుపు, ఊదా, నారింజ మూడు లైన్లు కలుస్తాయి. నారింజ లైనుకి మారాలంటే భూగర్భంలో బాగా దూరం నడవాలి. బుగిస్‌లో ఆకుపచ్చ నుంచి నీలానికి మారడం కూడా అంతే. తంపినీస్‌లో అయితే ఒక లైను గేటు దాటి బయటికి వచ్చి, ఇంకో లైను గేటులోకి మళ్లీ వెళ్లాలి. దీనికి పూర్తి విరుద్ధంగా సిటీ హాల్, రాఫుల్స్ ప్లేస్ స్టేషన్లలో ఎరుపు, ఆకుపచ్చ లైన్ల రైళ్లు ఒకే ప్లాట్‌ఫాంకి అటూ ఇటూ ఆగుతాయి. మీరు వెళ్లే దిక్కును బట్టి ఆ రెండింట్లో ఏదో ఒక స్టేషన్‌లో దిగి పది అడుగులు వేస్తే ఎదురుగా మీ రైలు. దారి వెతికేటప్పుడు ఫోను తక్కువ నిమిషాలు పట్టేదాన్ని పైన పెడుతుంది. పెద్దవాళ్లుంటే నిమిషాలు చూడకండి, ఎన్నిచోట్ల మారాలో, ఎంత నడవాలో చూడండి. పది నిమిషాలు ఎక్కువైనా మారే పని లేని బస్సు చాలాసార్లు మేలు.

బస్సుల దగ్గరికి వస్తే నాకు ఉత్సాహం పెరుగుతుంది. సింగపూర్‌కి వెళ్లినవాళ్లు చాలామంది ఎంఆర్‌టీ ఎక్కి, బస్సు ఎక్కకుండా వచ్చేస్తారు. భూమి కిందే తిరిగి వచ్చేస్తే ఊరెలా కనపడుతుంది? రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు దొరికిందంటే ఏ టూరు బస్సూ దాని ముందు నిలవదు. 36వ నంబరు బస్సు చాంగి ఎయిర్‌పోర్టు నుంచి మెరీన్ పరేడ్, సన్‌టెక్ మీదుగా ఆర్చర్డ్ రోడ్డు దాకా వెళ్తుంది. దారంతా రెండు వైపులా గొడుగుల్లా విచ్చుకున్న చెట్లు, వాటి కొమ్మలు పై అద్దాన్ని రాసుకుంటూ పోతాయి. తర్వాత ఆకాశహర్మ్యాలు మొదలవుతాయి. పెద్దవాళ్లను మాత్రం పైకి ఎక్కించకండి. బస్సు కదులుతుండగా ఆ ఇరుకు మెట్లు వాళ్లకు మంచివి కావు. మేం విడిపోయి కూర్చునేవాళ్లం. కింద అత్తయ్యతో నేను, పైన బాబుతో మావారు.

బస్సుకి మనం చెయ్యి చూపించాలి, లేకపోతే ఆగకుండా పోతుంది. ముందు తలుపులో ఎక్కి ట్యాప్ చేయాలి, వెనక తలుపులో దిగేటప్పుడు మళ్లీ ట్యాప్ చేయాలి. దిగేటప్పుడు మర్చిపోతే ఆ బస్సు చివరి స్టాపు దాకా వెళ్లినట్టు ఛార్జీ కోస్తుంది. నోట్లు ఇచ్చి కూడా ఎక్కొచ్చు గానీ చిల్లర తిరిగి ఇవ్వరు. తర్వాత వచ్చే స్టాపేదో అన్ని బస్సుల్లోనూ చెప్పరు, కాబట్టి ఫోనులో మ్యాపు చూసుకుంటూ ఒక స్టాపు ముందే ఎర్ర బటన్ నొక్కాలి.

అత్తయ్యను ఆకట్టుకున్న దృశ్యం ఒకటి చెప్తాను. సెరంగూన్ రోడ్డు మీద ఓ స్టాపులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఒక్కరే ఉన్నారు. బస్సు ఆగింది. డ్రైవర్ని అక్కడ బస్ కెప్టెన్ అంటారు. ఆయన సీటు దిగి మధ్య తలుపు దగ్గరికి వచ్చి, నేలకు అమర్చిన పలకను చేత్తో ఎత్తి బయటికి పరిచాడు. కుర్చీని లోపలికి తోసి, ఖాళీగా వదిలిన జాగాలో వీపు ఆనేలా నిలిపి, బ్రేకు వేసి ఉందో లేదో వంగి చూశాడు. ఎక్కడ దిగుతారో అడిగాడు. పలక మళ్లీ మడిచి వెళ్లి బస్సు తీశాడు. అప్పటిదాకా క్యూలో ఉన్నవాళ్లెవరూ కదల్లేదు, విసుక్కోలేదు. "మనిషికి కాళ్లు లేకపోయినా ఒంటరిగా బజారుకి పోయి రావచ్చన్నమాట" అన్నారు అత్తయ్య. ఆ ఊళ్లో చూసిన పెద్ద పెద్ద భవనాల గురించి ఆవిడ ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు. ఇది మాత్రం వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పారు.

మొదటిసారి వెళ్లేవాళ్లు చూసే చోట్లకు ఎలా వెళ్లాలో నా అనుభవంతో చెప్తాను. లిటిల్ ఇండియాలో టిఫిను సమస్యే లేదు. సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్ 1947 నుంచీ ఉంది, ఇడ్లీ, దోసె, భోజనం అన్నీ దొరుకుతాయి. శ్రీనివాస పెరుమాళ్ గుడికి ఫెరర్ పార్క్ స్టేషన్ దగ్గర. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. ముస్తఫా షాపు కూడా ఆ స్టేషన్‌కే దగ్గర. అది చాలా పెద్దది, లోపల దారులు ఇరుకు. పెద్దవాళ్లను గదిలో వదిలి మీరు వెళ్లి రావడం మంచిది.

గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకి బేఫ్రంట్ స్టేషన్‌లో దిగుతారు. అక్కడ చెట్ల ఆకారంలో ఎత్తుగా కట్టిన సూపర్‌ట్రీల దగ్గర దీపాల ప్రదర్శన సాయంత్రం 7:45కి, 8:45కి రోజూ ఉచితం. రెండోది అయ్యాక జనమంతా ఒక్కసారిగా బేఫ్రంట్ వైపు నడుస్తారు, మెట్లూ ఎస్కలేటర్లూ నిండిపోతాయి. పెద్దవాళ్లుంటే 7:45 ప్రదర్శన చూసి వచ్చేయండి, లేదా 2022లో తెరిచిన గార్డెన్స్ బై ద బే అనే గోధుమ రంగు లైను స్టేషన్‌కి మెల్లగా నడవండి. అటు జనం తక్కువ. ఆ ప్రదర్శన చూడాలంటే తల పైకెత్తే ఉంచాలి. పెద్దవాళ్లు గట్టు మీద నడుం ఆనించుకుని పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. మా అత్తయ్య నా సంచి తలకింద పెట్టుకుని అలాగే చూశారు.

మెర్లయన్‌కి రాఫుల్స్ ప్లేస్ స్టేషన్ నుంచి నడక ఉంది, ఎండలో వద్దు, సాయంత్రం వెళ్లండి. బొటానిక్ గార్డెన్స్‌కి అదే పేరుతో స్టేషన్ ఉంది. యునెస్కో 2015లో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది, ప్రవేశం ఉచితం. లోపలున్న ఆర్కిడ్ తోటకే టికెట్టు. పొద్దున్నే వెళ్తే చల్లగా ఉంటుంది, బెంచీలు బోలెడు. పెద్దవాళ్లకు ఊళ్లో అన్నిటికన్నా నచ్చే చోటు ఇదే అని నా నమ్మకం. సెంటోసా దీవికి హార్బర్‌ఫ్రంట్ స్టేషన్ దాకా వెళ్లి, వివోసిటీ మాల్ మూడో అంతస్తులో సెంటోసా ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కొచ్చు. లేదంటే 123 నంబరు బస్సు నేరుగా దీవిలోకి వెళ్తుంది.

జూ దూరం. ఎరుపు లైనులో ఖతీబ్ దాకా వెళ్తే అక్కడినుంచి మండాయ్ షటిల్ బస్సు ఉంది. ఆంగ్ మో క్యో నుంచి 138 నంబరు బస్సూ వెళ్తుంది. వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. నైట్ సఫారీ మాత్రం రాత్రి 7:15కి మొదలవుతుంది. అది చూసి, బస్సు పట్టుకుని, రైలు మారి గదికి చేరాలంటే పెద్దవాళ్లు కూలబడిపోతారు. ఆ ఒక్క తిరుగు ప్రయాణానికి లెక్క చూసుకోకుండా కారు పిలవండి.

కారు అన్నాను కాబట్టి ఒక నియమం చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. 1.35 మీటర్ల లోపు ఎత్తున్న పిల్లలను కారులో ఎక్కిస్తే చైల్డ్ సీటు ఉండాలని అక్కడి చట్టం. మీటరు టాక్సీలకు దీన్నుంచి మినహాయింపు ఉంది. గ్రాబ్ లాంటి యాపుల్లో వచ్చే ప్రైవేటు కార్లకు లేదు. చిన్నపిల్లలతో మామూలు ప్రైవేటు కారు బుక్ చేస్తే డ్రైవరు ఎక్కించుకోనంటాడు, ఆయన తప్పు కాదు. రోడ్డు పక్క టాక్సీ స్టాండుకి వెళ్లండి, లేదా యాపులో చైల్డ్ సీటు ఉన్న కారును గానీ మీటరు టాక్సీని గానీ ఎంచుకోండి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా మీటరు మీద సగం అదనం.

వాన ఎప్పుడైనా పడుతుంది, మధ్యాహ్నాలు మరీను. దానికి భయపడనక్కర్లేదు. స్టేషన్ల నుంచి చుట్టుపక్కల ఇళ్లకు, ఆసుపత్రులకు, బడులకు కప్పు వేసిన నడకదారులు కట్టారు. బస్‌స్టాపుల నుంచీ చాలాచోట్ల ఉన్నాయి. గొడుగు తడవకుండా చాలా దూరం పోవచ్చు. హాకర్ సెంటర్లలో (చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే చోట్లు) తింటే తిన్న ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది తప్పనిసరి. బల్ల మీద ఒక టిష్యూ పొట్లం ఒంటరిగా కనిపిస్తే అది ఎవరో ఆపుకున్న చోటు, అక్కడ కూర్చోకండి.

తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుకి కాస్త ముందుగా బయల్దేరండి. ఒకే షాపులో 100 డాలర్లు, ఆ పైన కొన్నవాటికి 9 శాతం జీఎస్‌టీలో చాలావరకు వెనక్కి వస్తుంది, కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి ఉండాలి. ఎయిర్‌పోర్టులోని జ్యువెల్ మాల్‌లో 40 మీటర్ల ఎత్తునుంచి పడే జలపాతం చూడటానికి డబ్బు అక్కర్లేదు, ఒకటో టెర్మినల్‌కి ఆనుకునే ఉంది. ఈజీ-లింక్ కార్డులు పారేయకండి, ఏళ్లపాటు పనిచేస్తాయి, మీరు కాకపోతే మీవాళ్లెవరైనా వెళ్తారు. మావి ఇప్పుడు మా ఆడపడుచు దగ్గరున్నాయి. ఈసారి ప్యాకేజీ లేకుండా వాళ్ల మామగారిని తీసుకుని వెళ్తోంది. ఆవిడకు నేను రాసిచ్చిన కాగితంలో మొదటి రోజు మధ్యాహ్నానికి రాసింది ఇదే: భోజనం చేసి, రెండు గంటలు పడుకుని, నాలుగింటికి 36 నంబరు బస్సెక్కి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి రండి, ఎక్కడా దిగొద్దు.